ఇంట్లో మొదటిసారి బ్రీడింగ్‌కి ఏ చేప మంచిది? గప్పీ, ఫైటర్, జీబ్రా, ఏంజెల్ మధ్య పోలిక

అక్వేరియం పెట్టుకున్నాక కొన్నాళ్లకు చాలామందికి ఒక కోరిక పుడుతుంది: మన తొట్టిలోనే చేపలు పిల్లలు పెడితే చూడాలని. వెంటనే షాపుకెళ్లి "అన్నా, పిల్లలు పెట్టే జత ఒకటి ఇవ్వు" అని అడుగుతారు. అక్కడ ఏది బాగా మెరుస్తూ కనిపిస్తే అదే ఇంటికొస్తుంది. ఎంపిక అలా జరగకూడదని నా గట్టి అభిప్రాయం. తల్లిదండ్రుల రంగు చూసి కాదు, పుట్టబోయే పిల్లల అవసరం చూసి చేపను ఎంచుకోవాలి.

ఎందుకంటే గుడ్లు పెట్టించడం అంత కష్టమేమీ కాదు. నీళ్లు పడి, మేత బాగుంటే చాలా చేపలు వాటంతటవే పెడతాయి. అసలు పని మర్నాటి నుంచి మొదలవుతుంది. కంటికి ఆనీ ఆనని పిల్లకు ఏం పెడతారు? రెండు నెలలయ్యాక వంద పిల్లల్ని ఎక్కడ ఉంచుతారు? మీ కుళాయి నీళ్లు వాటికి పడతాయా? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ చేప కొనాలో మీకే తెలిసిపోతుంది.

ముందు మీ నీళ్లు

హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు రెండు రకాల నీళ్లు వస్తాయి, మంచినీళ్లు, బోరు నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. పప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లగా గార కడుతుంది. మనకు చిరాకు తెప్పించే ఈ నీళ్లే గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ చేపలకు బాగా పడతాయి. పీహెచ్ 7 నుంచి 8 మధ్య, లవణాలు దండిగా ఉన్న నీళ్లలో అవి ఆరోగ్యంగా ఉండి పిల్లలు పెడతాయి. మోలీలైతే కాస్త ఉప్పగా ఉన్న నీళ్లలో కూడా బతుకుతాయి.

ఏంజెల్ దీనికి పూర్తిగా వేరు. అది అమెజాన్ నదీ ప్రాంతపు చేప, అక్కడి నీళ్లలో లవణాలు చాలా తక్కువ. ఇప్పుడు షాపుల్లో దొరికే ఏంజెల్స్ ఫారాల్లో పుట్టి పెరిగినవి కాబట్టి మన నీళ్లకు అలవాటు పడతాయి. బతకడానికి ఇబ్బంది లేదు. కానీ బాగా గట్టి బోరు నీళ్లలో గుడ్లు సరిగా ఫలదీకరణ కాక తెల్లబడిపోవడం ఎక్కువ. ఫైటర్, జీబ్రా ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి, ఓ మాదిరి నీళ్లకు సర్దుకుపోతాయి.

"ఆర్వో నీళ్లు శుభ్రంగా ఉంటాయి కదా" అని గప్పీ తొట్టి నిండా అవే పోసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. లవణాలు లేని నీళ్లలో గప్పీలు నీరసించిపోతాయి, పీహెచ్ కూడా నిలకడగా ఉండదు. ఆర్వో నీళ్లు ఉపయోగపడేది ఏంజెల్ పెంచేవాళ్లకు, అదీ బోరు నీళ్లలో సగానికి సగం కలుపుకోవడానికి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు బకెట్లో నిలవ ఉంచండి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి.

ఇంకొక్క మాట. కొత్తగా నీళ్లు నింపిన తొట్టిలో బ్రీడింగ్ మొదలుపెట్టవద్దు. చేపల మలం నుంచి వచ్చే అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమ్మోనియాకు పెద్ద చేప రెండు రోజులు తట్టుకోవచ్చు, పిల్ల తట్టుకోదు.

గప్పీ: మొదటి చేప ఇదే కావాలి

గప్పీ గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. మొదటిసారి బ్రీడింగ్ చేసేవాళ్లకు దీన్ని మించిన వరం లేదు. పుట్టిన పిల్ల 6, 7 మిల్లీమీటర్లు ఉంటుంది. తల్లి కడుపు నుంచి ముడుచుకుని బయటపడి, ఒక్క క్షణం కిందికి జారి, ఒళ్లు విప్పుకుని ఈదుకుంటూ మొక్కల్లోకి వెళ్లిపోతుంది. పెద్ద చేపల మేతనే వేళ్ల మధ్య మెత్తగా నలిపి వేస్తే ఆ రోజే తినేస్తుంది. మిగతా చేపల విషయంలో మనల్ని ఇబ్బంది పెట్టే "మొదటి వారం మేత" సమస్య గప్పీకి దాదాపు లేనట్టే.

రంగురంగుల తోకతో చిన్నగా ఉండేది మగది, పెద్ద పొట్టతో రంగు తక్కువగా ఉండేది ఆడది. మగదానికి పొట్ట కింద రెక్క సన్నటి పుల్లలా ఉంటుంది. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. లేకపోతే మగది ఒకేదాని వెంట పడి దాన్ని వేధిస్తుంది. ఆడదాని తోక మొదట్లో, పొట్ట చివర నల్లటి మచ్చ పెద్దదై, పొట్ట చతురస్రంగా కనిపిస్తోందంటే ఈనే సమయం దగ్గరపడినట్టు. ఈతకూ ఈతకూ మధ్య నాలుగు వారాలు అటూఇటూ. ఒక్కో ఈతకు 20 నుంచి 60 పిల్లలు మామూలు.

షాపువాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఆడ గప్పీ ఒకసారి కలిసిన మగదాని వీర్యాన్ని కొన్ని నెలల పాటు ఒంట్లో దాచుకోగలదు. షాపు తొట్టిలో ఆడా మగా కలిసే ఉంటాయి. కాబట్టి మీరు ఎంతో మెచ్చి కొన్న నీలం రంగు మగదాన్ని, ఆడదాన్ని జతగా తెచ్చినా, మొదటి రెండు మూడు ఈతల పిల్లలకు తండ్రి అదే అని నమ్మడానికి లేదు. మీకు నచ్చిన రంగు నిలబెట్టుకోవాలంటే పుట్టిన పిల్లల్లో మగవాటిని, ఆడవాటిని నాలుగో వారం దాటకముందే విడదీయండి. ఆ ఆడపిల్లలు కాస్త పెద్దయ్యాక మీరు ఎంచిన మగదానితో కలపండి. ఇలా రంగుల వరసను నిలబెట్టడమే గప్పీ పెంపకంలో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం. ఒక్క రంగు మీద శ్రద్ధ పెట్టి తరతరానికీ ఎంపిక చేస్తూ పోతే ఎంతకాలమైనా విసుగు రాదు. మధ్యమధ్య వేరే చోటు నుంచి మంచి చేపను తెచ్చి కలపకపోతే మాత్రం అన్నాచెల్లెళ్ల మధ్యే సంకరం జరిగి చేపలు బలహీనమవుతాయి.

తల్లి తన పిల్లల్నే తింటుంది, మిగతా పెద్ద చేపలు కూడా తింటాయి. దీనికి షాపుల్లో ప్లాస్టిక్ బ్రీడింగ్ బాక్సు అంటగడతారు. నిండు గర్భిణిని ఆ ఇరుకు డబ్బాలో బంధిస్తే కంగారుపడి నెలలు నిండకుండానే ఈనే ప్రమాదం ఉంది. దానికి బదులు తొట్టిలో ఓ మూల హైడ్రిల్లా, జావా మాస్ ఒత్తుగా వేయండి, పైన నాలుగు అంతరతామర మొక్కలు వదలండి. వాటి వేళ్ల మధ్య పిల్లలు దాక్కుంటాయి. అన్నీ దక్కవు, దక్కనవసరం కూడా లేదు.

గప్పీతో వచ్చే చిక్కల్లా సంఖ్యే. ఒకే ట్యాంకులో ఆడా మగా కలిపి వదిలేస్తే ఆరు నెలల్లో చోటు చాలదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ కూడా ఇదే బాపతు. ప్లాటీ గప్పీ అంత సులువు. మోలీ పెద్దది, ఎక్కువ తింటుంది, కాబట్టి రెండు అడుగుల ట్యాంకుకు తక్కువ పెట్టొద్దు. స్వోర్డ్‌టెయిల్ ఎగిరి బయటపడుతుంది, మూత తప్పనిసరి. బంతిలా గుండ్రంగా ఉండే బెలూన్ మోలీని మాత్రం బ్రీడింగ్‌కి తీసుకోకండి. వెన్నెముక వంకరగా ఉండేలా ఎంపిక చేసి తయారుచేసిన రకం అది. ఆ వంకరను మరో తరానికి అందించడం నాకు న్యాయంగా అనిపించదు.

ఫైటర్: అందరూ ఆశపడేది, కొందరికే కుదిరేది

బెట్టా అనే ఫైటర్ థాయ్‌లాండ్ చేప. ఆ దేశం 2019లో దాన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. దాని బ్రీడింగ్ చూడటానికి ఇంత గొప్పగా ఉండే చేప మరొకటి లేదనే చెప్పాలి. మగది నీటి మీదికొచ్చి గాలి మింగి, నోటి జిగురుతో బుడగలు వదులుతూ ఓ మూల నురగ గూడు కడుతుంది. ఆడదాన్ని మొదట గాజు సీసాలో పెట్టి ఆ తొట్టిలోనే మగదానికి కనిపించేలా ఉంచుతాం. ఆడదాని ఒంటి మీద నిలువు చారలు తేలి, పొట్ట కింద తెల్ల చుక్క కనిపిస్తే వదలొచ్చు. మగది దాన్ని గూటి కిందికి తీసుకెళ్లి ఒంటితో చుట్టేస్తుంది. విడిపోగానే తెల్లటి గుడ్లు రవ్వలా కిందికి రాలతాయి. మగది ఒక్కొక్కదాన్నీ నోటితో ఏరుకుని పైకెళ్లి బుడగల్లో అతికిస్తుంది, మళ్లీ కిందికొస్తుంది. గంటల తరబడి ఇదే పని. అయిపోగానే ఆడదాన్ని వెంటనే తీసేయాలి, లేదంటే మగది కొరికి చంపుతుంది.

ఆ తర్వాతి లెక్క చూడండి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటికొచ్చి తోక కిందికి వేలాడేసి గూటికి అంటుకుని ఉంటాయి. మరో రెండు మూడు రోజులకు అడ్డంగా ఈదడం మొదలుపెడతాయి. అప్పుడు మగదాన్నీ తీసేయాలి. ఈ పిల్లలు మేత పొడి తినవు. కదిలే ప్రాణే కావాలి, అదీ కంటికి కనిపించనంత చిన్నది. మొదటి వారం ఇన్ఫ్యూసోరియా, అంటే నీళ్లలో పెరిగే సూక్ష్మజీవులు, ఆ తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీటి బుల్లి రొయ్య పిల్లలు. గుడ్లు పెట్టాక మేత తయారు చేద్దాంలే అనుకుంటే అవి తయారయ్యేలోపు పిల్లలు ఆకలితో పోతాయి. నీళ్లు 26 నుంచి 28 డిగ్రీలు, లోతు 5, 6 అంగుళాలు మించకూడదు. పైగాలి పీల్చుకునే అవయవం మొదటి వారాల్లోనే తయారవుతుంది, అప్పుడు నీటి పైనున్న గాలి వెచ్చగా, తేమగా ఉండాలి కాబట్టి మూత తీయకూడదు.

ఇదంతా దాటినా అసలు పరీక్ష రెండు మూడు నెలలకు వస్తుంది. మగపిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కోవడం మొదలుపెడతాయి. ఒక్కోదాన్ని విడిగా ఒక్కో సీసాలో పెట్టాలి. 50 మగపిల్లలుంటే 50 సీసాలు, వాటన్నిటికీ రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. ఈ మాట ముందే ఎవరూ చెప్పరు. ఫైటర్ బ్రీడింగ్ మధ్యలో వదిలేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే వదిలేస్తారు. మీకు ఓ ఖాళీ గది, రోజూ గంట తీరిక ఉంటేనే ఇటు రండి.

నీళ్లలో వేయడానికి ఎండిన బాదం ఆకు మంచిది. మన వీధుల్లో పెరిగే నాటు బాదం చెట్టు ఆకే, పండి రాలి ఎండినది. కడిగి ఒక ఆకు వేస్తే నీళ్లు లేత టీ రంగుకు వస్తాయి, ఫైటర్‌కి అది హితవు. డబ్బులు పెట్టి ప్యాకెట్లలో కొననక్కర్లేదు, మందు కొట్టని చెట్టు అయితే చాలు.

జీబ్రా: ఎవరూ పట్టించుకోని మంచి చేప

నీలం గీతల చిన్న చేప ఇది. షాపులో చాలా చవక. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల్లోని వాగుల్లో, పొలాల నీళ్లలో తిరిగే మన ఉపఖండపు చేపే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. ఇప్పుడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడుతున్నారు, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ దీని మీద పరిశోధన జరుగుతుంది. ప్రయోగశాలలు దీన్ని ఎంచుకోవడానికి ఉన్న కారణాలే ఇంట్లోనూ పనికొస్తాయి: చిన్న చోటు చాలు, చలికి తట్టుకుంటుంది, తరచుగా గుడ్లు పెడుతుంది.

పది లీటర్ల ప్లాస్టిక్ టబ్ తీసుకుని అడుగున గోళీలు రెండు వరసలు పరవండి. సాయంత్రం పొట్ట గుండ్రంగా ఉన్న ఆడది ఒకటి, సన్నగా, గీతల మధ్య కాస్త పసుపు ఛాయతో ఉన్న మగవి రెండు వదలండి. తెల్లారి వెలుగు పడగానే మగవి ఆడదాన్ని తరుముతాయి, గుడ్లు గోళీల సందుల్లోకి జారిపోతాయి. గోళీలు లేకపోతే వాటి గుడ్లు అవే తినేస్తాయి. పది గంటలకల్లా పెద్దవాటిని తీసేయండి.

ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే ఈ చేపనే పెట్టండి. గుడ్డు పూర్తిగా పారదర్శకం. మర్నాడు రెండు చుక్కల నీళ్లతో ఒక గుడ్డును తెల్లటి సాసర్‌లో పెట్టి మంచి భూతద్దంతో చూస్తే లోపల చుట్టుకున్న తోక, కళ్లు కనిపిస్తాయి. ఇంకాస్త ఆగితే గుండె కొట్టుకోవడం కూడా. రెండు మూడు రోజుల్లో పొదిగి, తొట్టి గోడలకు అంటుకుని, అయిదో రోజు అటూఇటూగా ఈదడం మొదలవుతుంది. వీటికీ మొదట ఇన్ఫ్యూసోరియానే కావాలి, కష్టం ఫైటర్ పిల్లలంతే. కానీ పెద్దయ్యాక కొట్లాట లేదు, గుంపుగా ఒకే ట్యాంకులో ఉంటాయి, మూడు నెలలకు పెద్ద చేపలు. గుడ్లు పెట్టే చేపను పెంచడం నేర్చుకోవాలంటే ఫైటర్ కన్నా ముందు జీబ్రాతో చేయి తిరగాలి.

ఏంజెల్: ఓపికకు పరీక్ష

ఏంజెల్‌లో మగా ఆడా చూసి చెప్పడం గుడ్లు పెట్టే సమయంలో తప్ప కష్టం. అందుకే జత కొనొద్దు. ఆరు చిన్నవి కొని పెంచండి, అవే జత కడతాయి. అందుకు ఎనిమిది, పది నెలలైనా ఆగాలి. జత కట్టిన రెండూ ఓ మూల ఆక్రమించి మిగతావాటిని తరుముతుంటాయి, అప్పుడు వాటికి విడిగా ట్యాంకు ఇవ్వాలి. పొడవు రెండు అడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగున్నర ఉంటే మేలు. దాదాపు 85 లీటర్లు పడుతుంది, అంటే నీటి బరువే 85 కిలోలు. స్టాండ్ గట్టిదో కాదో ముందే చూసుకోండి.

నిలువుగా పెట్టిన పలక మీదో, వెడల్పాటి ఆకు మీదో గుడ్లు వరసగా అతికించి తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా కాస్తాయి. మొదటి కొన్నిసార్లు వాటి గుడ్లు అవే తినేయడం మామూలే, నిరాశపడకండి. తర్వాత తర్వాత నేర్చుకుంటాయి. రెండు మూడు రోజులకు పొదిగి, గుడ్లు పెట్టిన వారం రోజులకు పిల్లలు ఈదుతాయి. ఇక్కడో మంచి సంగతి ఉంది: ఏంజెల్ పిల్ల నోరు కాస్త పెద్దది, మొదటి రోజు నుంచే ఆర్టీమియా తినగలదు. ఇన్ఫ్యూసోరియా బెడద లేదు. కష్టమని పేరు పడ్డ ఏంజెల్‌కు మేత విషయంలో ఫైటర్ కన్నా సులువు. కష్టమంతా నీళ్లలో, చోటులో, ఎదురుచూపులో ఉంది.

గోల్డ్ ఫిష్ గురించీ అడుగుతారు. అది బాగా పెద్దదవుతుంది, నీళ్లు విపరీతంగా పాడుచేస్తుంది, దానికి చల్లటి నీళ్లు కావాలి. పెరట్లో పెద్ద సిమెంటు తొట్టి ఉన్నవాళ్లు తప్ప బ్రీడింగ్ ఆలోచన పెట్టుకోవద్దు.

మేత, ఎండ, కరెంటు

ఇన్ఫ్యూసోరియాకు ఒక సీసాలో పాత ట్యాంకు నీళ్లు పోసి అరటి తొక్క ముక్కో, క్యాబేజీ ఆకో వేసి వెలుతురు తగిలేచోట పెట్టండి. మొదట నీళ్లు తెల్లగా కలకబారి వాసనొస్తాయి. నాలుగైదు రోజులకు తేటపడి, సన్నటి చుక్కలు కదులుతూ కనిపిస్తే తయారైనట్టు. ఆర్టీమియాకు లీటరు నీళ్లలో 25 గ్రాముల కల్లుప్పు కలిపి, గుడ్లు వేసి, అడుగు నుంచి గాలి బుడగలు వదిలితే 24 నుంచి 36 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపి ఓ పక్క లైటు పెడితే పిల్లలు వెలుగు వైపు చేరతాయి. సన్నటి గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. ఫైటర్, జీబ్రా, ఏంజెల్‌లో ఏది పెంచాలన్నా ఈ పని ముందే చేసి అలవాటు చేసుకోండి. గప్పీకి ఇది లేకపోయినా పర్వాలేదు, ఉంటే పిల్లలు వేగంగా ఎదుగుతాయి.

విజయవాడ, ఖమ్మం వైపు మే నెలలో చిన్న టబ్ నీళ్లు ఇట్టే వేడెక్కుతాయి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. మూత తీసి నీటి మీదికి ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు వేయకండి, వేడి ఒక్కసారిగా పడిపోతే పిల్లలు తట్టుకోలేవు. ఫైటర్ టబ్‌కి మూత తీయకూడదు కాబట్టి దాని బ్రీడింగ్ ఎండాకాలంలో పెట్టుకోకపోవడమే మంచిది. వానాకాలం దానికి అనువైన సమయం. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు ఏంజెల్, ఫైటర్‌కి హీటర్ లేకుండా కుదరదు. జీబ్రాకు అక్కర్లేదు.

ఎయిర్ పంప్ తినే కరెంటు మూడు నుంచి అయిదు వాట్లే. దాన్ని ఇన్వర్టర్ లైనుకు కలిపేస్తే కరెంటు పోయినా టెన్షన్ ఉండదు. పిల్లల ట్యాంకుకు స్పాంజ్ ఫిల్టరే వాడండి, మోటారు ఫిల్టర్ పిల్లల్ని లాగేసుకుంటుంది.

మరి మీకు ఏది?

బోరు నీళ్లు, ఒకే ట్యాంకు, ఉద్యోగం హడావిడి ఉంటే గప్పీ లేదా ప్లాటీ, ఇందులో రెండో ఆలోచన వద్దు. గుడ్డు నుంచి చేప ఎలా అవుతుందో చూడాలన్న కుతూహలం ఉంటే జీబ్రా. రెండు ట్యాంకులు పెట్టేంత చోటు, ఆర్వో నీళ్లు, ఏడాది ఆగే ఓపిక ఉంటే ఏంజెల్. ఆర్టీమియా పొదిగించడం చేతికొచ్చి, సీసాలకు చోటు, రోజూ సమయం ఉంటేనే ఫైటర్.

ఏది ఎంచుకున్నా, జత కలపకముందే మీ ఊరి షాపులో ఒక్క మాట అడగండి: పిల్లలు పెరిగాక తీసుకుంటారా, ఏ సైజులో తీసుకుంటారు అని. మంచి రంగున్న గప్పీలను, ఏంజెల్స్‌ను చాలా షాపులు మేతకు బదులుగానైనా తీసుకుంటాయి. మామూలు జీబ్రాలకు, రంగు కలగలిసిపోయిన గప్పీలకు గిరాకీ ఉండదు. ఎక్కువైన చేపల్ని చెరువులోనో, కాలువలోనో మాత్రం ఎట్టిపరిస్థితుల్లో వదలకండి. అక్వేరియంల ద్వారా వచ్చిన సక్కర్ చేప ఇప్పుడు మన నదుల్లో, చెరువుల్లో పెరిగిపోయి జాలర్ల వలల్ని చింపేస్తోంది, స్థానిక చేపల మేతకూ, చోటుకూ పోటీ పడుతోంది. పిల్లలు ఎక్కువవుతున్నాయనిపిస్తే గప్పీల్లో మగవాటిని ఒక ట్యాంకులో, ఆడవాటిని మరో ట్యాంకులో ఉంచండి. అప్పటికే కలిసిన ఆడవి ఇంకో కొన్ని ఈతలు ఈనతాయి, తర్వాత ఆగిపోతాయి. జీబ్రా, ఏంజెల్ అయితే గుడ్లను పెద్ద చేపల తొట్టిలోనే వదిలేయండి, వాటి పని అవే చూసుకుంటాయి. ఫైటర్ అయితే మగదాన్నీ ఆడదాన్నీ అసలు కలపకుండా ఉంటే సరిపోతుంది.